కపాలమును దాటు వెలుగు

చీకటిగదిలో టార్చిదీపపు ముఖమును అరచేతితో మూసి, వ్రేళ్లలోనుండి ఎఱ్ఱగా వెలువడు కాంతిని చూచి వినోదింపని బాలుడు మనలో నరుదు. ఆ తెల్లని దీపకాంతిలోని నీలి, పచ్చ కిరణములను వ్రేళ్లలోని రక్తము మ్రింగివేయుచున్నది. ఎఱ్ఱని కిరణములను మాత్రము పోనిచ్చుచున్నది. ఎఱుపున కావల కంటికి కానరాని పరారుణ కిరణములు కలవు. వానిలో ఎఱుపునకు సమీపమున నుండునవి మాంసమును, ఎముకను ఇంకను సులువుగా దాటును. ఈ చిన్న సంగతిని ఆధారము చేసికొని, పుఱ్ఱె కోయక, సూది గ్రుచ్చక, శిశువును తల్లియొడినుండి దింపక, మెదడున నే భాగమునకు ఎప్పుడు రక్తము హెచ్చుగా పోవుచున్నదో కనిపెట్టు విద్య యొకటి గడచిన యేబది యేండ్లలో పెరిగినది.

మా మిత్రుని కుమార్తె యొకతె విదేశమున నొక ప్రయోగశాలలో ఈ విద్యయందే డాక్టరేటు పట్టమునకు పరిశోధన చేయుచున్నది. సెలవులకు వచ్చినపుడు మా యింట రెండు గంటలు కూర్చుండి తన పనిని వివరించినది. ఆమె చెప్పినదానిలో కొంత శాస్త్రము, కొంత గోడు. రెండును పాఠకులకు తెలియదగినవని తోచినందున ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

తలలోనికి దీపము చూపు ఊహ పాతదే. తలలో నీరు చేరి మిక్కిలి పెద్దదైన ఒక రోగి తల వెనుక దీపము నుంచినపుడు వెలుగు ఈవలికి కానవచ్చుచుండెనని రిచర్డు బ్రైటు అను ఆంగ్లవైద్యుడు 1831లో వ్రాసియుంచెను. అదే శతాబ్దపు చివరిభాగమున ఇటలీదేశపు శరీరశాస్త్రజ్ఞుడు ఆంజెలో మోస్సో, ఇటుక పడి పుఱ్ఱె చిట్లిన బెర్టినో అను రైతును పరీక్షించుచు, ఆ చిల్లుగుండ మెదడు కొట్టుకొనుటను గీతగా నమోదు చేసెను. మధ్యాహ్నమున గుడిగంటలు మ్రోగినపుడు ఆ స్పందనము హెచ్చెను. ప్రార్థన చేయవలెనని యతనికి స్మరణకు వచ్చెనా యని మోస్సో యడిగినంతనే మఱల హెచ్చెను. ఆలోచనకును రక్తప్రవాహమునకును సంబంధము కలదని తెలిసినది. 1890లో కేంబ్రిడ్జిలో రాయ్, షెరింగ్టనులు జంతువులపై పరీక్షలు చేసి, మెదడున పనిచేయు భాగమునకు రక్తము హెచ్చుగా పోవునని ప్రకటించిరి.

అయినను పుఱ్ఱె చిట్లని మనుష్యుని విషయమున ఏమి చేయుట? ఈ ప్రశ్నకు జవాబు ఒక భోజనపుబల్లపై దొఱకెనని చెప్పుదురు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన ఫ్రాన్స్ యోబ్సిస్, మాంసముతో కూడ వడ్డింపబడిన పలుచని ఎముకను దీపమునకు పట్టి చూడగా ఎఱ్ఱని కాంతి దానిని దాటివచ్చినది. ఎఱుపే దాటినచో పరారుణము దాటకుండునా యని యతడు తలంచెను. 1977లో సైన్సు పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసమే ఈ విద్యకు మూలము.

ఇచ్చట మనవారిని స్మరింపకుండ ముందునకు పోజాలము. యోబ్సిస్ మొదట చూడగోరినది రక్తమును మాత్రమే కాదు. కణములో ప్రాణవాయువు ఖర్చగు చోట నున్న సైటోక్రోము ఆక్సిడేజు అను ఎంజైమును గూడ. ఆ ఖర్చువలన కణమునకు చేకూరు శక్తి ఏటీపీ యను పదార్థమున నిలువయుండును. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్ ఒకవైపునను, హార్వర్డులో ఫిస్కేయు మన యల్లాప్రగడ సుబ్బారావుగారును వేఱొకవైపునను కనుగొనిరి. భీమవరమున పుట్టిన ఆ మహనీయుడు అంతకు రెండేండ్లు ముందే ఫాస్ఫోక్రియాటినును వెలికి తీసియుండెను. నేడు మెదడులోని వెలుగును లెక్కించు విద్యార్థి యెవ్వరైనను ఆయన వేసిన పునాదిపైననే నిలిచియున్నారు.

ఇక యంత్రపు మర్మము. రక్తమున కెంపునిచ్చు హీమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయునపుడు ఒక రంగు, దింపిన పిదప మఱియొక రంగు కలిగియుండును. కెంపైన ధమనీరక్తమును, నల్లబడిన సిరారక్తమును చూచినవారికి ఇది క్రొత్త గాదు. సుమారు 760 నానోమీటర్ల తరంగమును వాయువును దింపినది హెచ్చుగా మ్రింగును. 850 ప్రాంతపు తరంగమును వాయువును మోయునది హెచ్చుగా మ్రింగును. 800 దగ్గఱ రెండును సమానములు. కావున రెండు తరంగములను తలపై ప్రసరింపజేసి, తిరిగివచ్చినదానిని కొలిచినచో రెండు సమీకరణములు, రెండు అజ్ఞాతములు. ఉన్నతపాఠశాల విద్యార్థియు సాధింపగలడు.

చిక్కంతయు ఆ తిరిగివచ్చుటయందే కలదు. మంచుపొగలో బండిదీపము వేసినట్లు, కాంతి మాంసమున ప్రవేశించినంతనే చెదరిపోవును. మూడు సెంటీమీటర్ల దూరమున నుంచిన గ్రాహకమునకు అందునది పంపినదానిలో కోట్లకొక పాలు మాత్రమే. అందినదియు తిన్నగా రాదు. పెద్దవాని తలలో ఆ మూడు సెంటీమీటర్లను దాటుటకు సుమారు ఆఱు రెట్లు, అనగా పదునెనిమిది సెంటీమీటర్లు తిరిగి వచ్చును. అది నడచు త్రోవ అరటిపండువలె వంపుతిరిగి, లోతట్టున సుమారు సెంటీమీటరున్నర మేర దిగి, మఱల పైకి వచ్చును. ఈ త్రోవ నిడివిని లెక్కలోనికి తెచ్చు సూత్రమును 1988లో లండను యూనివర్సిటీ కాలేజీకి చెందిన డెల్పీయు ఆయన సహచరులును చక్కబఱచిరి. అంతకుముందే డ్యూకులోను, లండనులోను నెలలు నిండక పుట్టిన శిశువుల మెదడునకు ప్రాణవాయువు చాలినంత అందుచున్నదో లేదో ఈ కాంతితో కనిపెట్టుట ఆరంభమైనది. 1993 నాటికి, లెక్క చేయునపుడు, చూచునపుడు మెదడున కలుగు మార్పును జపాను, జర్మనీ, అమెరికా ప్రయోగశాలలు చూపగలిగినవి.

ఆ మార్పు విచిత్రమైనది. పనిచేయు చోట ప్రాణవాయువు తఱిగిపోవునని మనమనుకొందుము. కాని అక్కడికి వచ్చిపడు రక్తము ఖర్చుకంటె ఎక్కువ. పెండ్లివారు నూరుమందికి వంట చెప్పినచో వంటవాడు నూటయేబదిమందికి వండినట్లు, శరీరము అవసరమునకు మించి పంపును. అందువలన పనిచేయు భాగమున వాయువును మోయు హీమోగ్లోబిన్ హెచ్చును, దింపినది తగ్గును. ఇది తత్‌క్షణము కాదు. అయిదాఱు సెకండ్లకు శిఖరమునందును. ఆలోచన మెఱుపువంటిదైనను దాని వెంట వచ్చు రక్తము ఎడ్లబండివంటిది.

డాక్టరేటు విద్యార్థిని పని యన నేదో దివ్యమైన యంత్రము ముందు కూర్చుండుట యని మేమనుకొంటిమి. మొదటి సంవత్సరమంతయు తాను బొమ్మతలలు పోసితినని యామె చెప్పినది. మనుష్యుని తలపై నమ్మకముతో కొలుచుటకు ముందు, గుణములు తెలిసిన కృత్రిమమైన తలపై కొలువవలెను. అచ్చులో పోసిన రెసినునందు, కాంతిని చెదరగొట్టుటకు తెల్లరంగులలో వాడు టైటానియము డైయాక్సైడు పొడిని, కాంతిని మ్రింగుటకు ఇండియా ఇంకు అను నల్లసిరాను కలుపుదురు. ద్రవరూపమున కావలసినచో, తినలేని రోగులకు నరమున నెక్కించు క్రొవ్వుద్రవము నందే సిరాచుక్కలు వేయుదురు. ఆ సిరా నిజమునకు చైనావారి కనిపెట్టుడు. పేరు మాత్రము మనది. ఒక్క చుక్క హెచ్చైనచో తల పాడగును; మఱల మొదటినుండి పోయవలెను.

రెండవ సంవత్సరము తలలు మాఱినవి గాని కష్టము మాఱలేదు. టోపీ తొడిగినంతనే మొదట చూడవలసినది గుండెస్పందనము. తెరపై సెకండున కొకటి చొప్పున చిన్న అల కానవచ్చినచో కాంతి రక్తమును తాకి వచ్చుచున్నదని అర్థము. అల లేనిచో ఎంతసేపు కొలిచినను వ్యర్థము. అటుపిమ్మట ఆ యలనే తొలగింపవలెను. ఊపిరి యలను, పదిసెకండ్ల కొకమాఱు రక్తపుపోటున వచ్చు మందమైన అలను తొలగింపవలెను. నెత్తిచర్మమున పాఱు రక్తమును వేఱుచేయుటకు ఎనిమిది మిల్లీమీటర్ల దూరముననే మఱియొక గ్రాహకము నుంచి, అది చూచినదానిని తీసివేయవలెను. శిశువు తల త్రిప్పినచో ఆ నిమిషము పోయినట్లే. ఇన్ని తీసివేతల పిదప మిగిలినదే మెదడు మాట. మా పత్రికాకార్యాలయమున వచ్చు వార్తలలో నిజము తేల్చుట ఇంతకంటె సులువని మే మన్నప్పుడు ఆమె నవ్వినది.

ఆమె గోడు ఇచ్చట మొదలైనది. క్రొత్త యంత్రమును పరీక్షించునపుడు ప్రయోగశాలలోనివారే తమ తలలను అప్పగింతురు. ఆచార్యుడు బట్టతలవాడు, ఆయన తలపై గుండె అల అద్దములోవలె కానవచ్చుచుండెను. ఈమె తలపై టోపీ తొడిగినచో సగము గ్రాహకములు గుడ్డివైనవి. నడుము దిగు నల్లని జడ గల పిల్ల. నలుపునకు కారణమైన మెలనిన్ కాంతిని మ్రింగుటలో ఆ ఇండియా ఇంకునకు తీసిపోదు. సన్నని పుల్లతో ఒక్కొక్క గ్రాహకము క్రింద పాపట తీయుచు అరగంట శ్రమపడినను ఫలము స్వల్పము. "బాబాయిగారూ, ఈ యంత్రమునకు నేను కానరాను" అన్నది. ఆ మాట మమ్ము చాలసేపు వదలలేదు.

ఇది ఒక్క పిల్ల మాట గాదు. దట్టమైన నల్లజుట్టు గలవారిని ప్రయోగమునకు మొదటనే పిలువకుండుటయు, పిలిచినను వారి కొలతలు బాగుగ లేవని లెక్కలోనుండి తీసివేయుటయు ఈ విద్యలో తఱచు జరుగుచు వచ్చినవి. ఎవరిదియు దురుద్దేశము కాదు. కాని తుదకు అచ్చగు వ్యాసమున 'మనుష్యుని మెదడు ఇట్లు పనిచేయును' అని యుండునే కాని, 'పలుచని జుట్టు గల మనుష్యుని మెదడు' అని యుండదు.

ఇట్టి లోపము ప్రాణముల మీదికి వచ్చిన సందర్భమును మన మందఱము చూచియే యున్నాము, గుర్తింపలేదంతే. 2020, 2021 సంవత్సరముల మహమ్మారిలో ప్రతియింటను వ్రేలికి తగిలించికొనిన ఆక్సిమీటరు ఈ కాంతివిద్యకు తోబుట్టువు. 1974లో జపానులో టకువో అవోయాగి దాని సూత్రమును కనుగొనెను. ఆ చిన్నపెట్టె చూపు అంకెనుబట్టియే ఆసుపత్రికి పోవుదమా, ఇంటనే యుందమా యని రాత్రులు మేలుకొని నిర్ణయించుకొంటిమి. అమెరికాలోని మిచిగను వైద్యులు 2020లో ప్రకటించిన పరిశీలనలో, ఆక్సిమీటరు 92 నుండి 96 వఱకు చూపినపుడు, రక్తము తీసి పరీక్షింపగా నిజముగా 88కి దిగువ నున్నవారు తెల్లవారిలో నూటికి 3.6, నల్లవారిలో 11.7 అని తేలినది. అనగా చర్మపు ఛాయ ముదిరినకొలది యంత్రము లేని ధైర్యము చెప్పుచున్నది. ఆ పరిశీలన మనవారిపై చేసినది కాదు. కాని మన చర్మము ఏ వరుసకు చెందునో అద్దమున చూచుకొనినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

శిశువుల పుఱ్ఱె పలుచన, జుట్టు స్వల్పము; కావున ఈ విద్య వారికే మిక్కిలి అనుకూలము. 1990 తరువాత ప్రసిద్ధికెక్కిన అయస్కాంత యంత్రము మెదడు లోతుల నన్నింటిని చూపగలదు. కాంతికి ఆ శక్తి లేదు, పైపొరతోనే సరి. కాని ఆ యంత్రము టన్నుల బరువు, ద్రవహీలియము త్రాగును, చెవులు చిల్లులుపడు ధ్వని చేయును. దానిలో మేలుకొనియున్న అయిదునెలల బిడ్డను కదలకుండ పరుండబెట్టుట బ్రహ్మతరము గాదు. కాంతియంత్రమును పెట్టెలో పెట్టి పల్లెకు గొనిపోవచ్చును. లండను యూనివర్సిటీ కాలేజీ, కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు దానిని పశ్చిమాఫ్రికాలోని గాంబియాదేశపు కెనేబా గ్రామమునకు గొనిపోయి, అచ్చటి శిశువుల మెదడుస్పందనలను కొలువవచ్చునని 2014లో నిరూపించిరి. పిమ్మట రెండువందలమంది బిడ్డలను రెండేండ్ల ప్రాయము వఱకు వెంబడించిరి. పోల్చుటకు కేంబ్రిడ్జి శిశువులనుగూడ చేర్చికొనిరి.

మన దేశమునందును అట్టి ప్రయత్నము జరిగినది. ఉత్తరప్రదేశములోని శివగఢ్ ప్రాంతమున నాలుగు నెలలు మొదలు నాలుగేండ్లలోపు పిల్లలకు టోపీ తొడిగి, కంటికెదుట మాఱు బొమ్మలను ఎంతవఱకు మనసున పట్టియుంచగలరో చూచిరి. తల్లికి చదువు తక్కువై, ఆదాయము తక్కువైన ఇండ్ల పిల్లలలో మెదడు ముందుభాగపు ఎడమతట్టున స్పందనము బలహీనముగ నుండినదని 2019లో ప్రకటించిరి. ఆ పిల్లలు ఇంకను బడి మొగము చూచినవారు కారు. పేదఱికపు చేయి పలకపట్టుటకు ముందే పడుచున్నది.

మా పాఠకులకు ఇది దూరపుమాట గాదు. 2019 నుండి 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము వయసునకు తగిన ఎత్తు ఎదుగని అయిదేండ్లలోపు బిడ్డలు దేశమున నూటికి 35.5, తెలంగాణమున 33.1, ఆంధ్రప్రదేశమున 31.2. మూటి కొకరు. 1918లో కూనూరున పుట్టి 1958లో హైదరాబాదునకు వచ్చిన పోషకాహార సంస్థ మనయెదుటనే యున్నది. బిడ్డ ఎత్తును, బరువును, దండచేతి చుట్టుకొలతను కొలుచు విద్యలో మనవారు ఎవ్వరికిని తీసిపోరు. శరీరబరువులో నూటికి రెండుపాళ్లయిన మెదడు ప్రాణవాయువులో ఇరువదిపాళ్లు తినును. శిశువునకు శక్తిలో దాని వాటా ఇంకను హెచ్చు. ఆహారము చాలని బిడ్డ ఎత్తు తగ్గినదని కొలబద్ద చెప్పును. ఆ హెచ్చువాటా తినవలసిన మెదడు నెట్లు సరిపెట్టుకొనినదో కొలబద్ద చెప్పదు. అంగనవాడిలో పెట్టు గ్రుడ్డు, పాలు ఎముకకు పట్టినవని యెఱిగినట్లే మెదడునకు పట్టినవో లేవో యెఱుగవలెనన్నచో ఇట్టి పనిముట్టు కావలయును.

అయితే ఒక సంగతి చెప్పక తప్పదు. మన తలలను కొలుచుట ఇది మొదటిమాఱు గాదు. మద్రాసు మ్యూజియమునకు 1885 నుండి 1908 వఱకు అధ్యక్షుడుగా నుండిన ఎడ్గార్ థర్‌స్టన్ దొర కొలబద్దలు, కర్కటములు చేతబట్టి తెలుగు, తమిళ, మలయాళ దేశములు తిరిగి తలల పొడవు, ముక్కుల వెడల్పు కొలిచి, 1909లో ఏడు సంపుటములుగా దక్షిణదేశపు కులములను, తెగలను గ్రంథస్థము చేసెను. బెంగాలున రిస్లే దొర ముక్కు సన్నదనమునుబట్టి కులపు హెచ్చుతగ్గులు నిర్ణయింపవచ్చుననెను. కొలతలు తప్పు గావు. అంకెల వెనుకనున్న ప్రశ్నయే తప్పు. నేడు వెలుగుతో కొలుచువారికి ఆ తలంపు లేదని మే మెఱుగుదుము. అయినను ఆంగ్లశిశువును ఆదర్శముగా నిలిపి, పల్లెశిశువు దానికి ఎన్ని వ్రేళ్లు తక్కువయో లెక్కించు వ్యాసము పైపైని చదువువాడు మఱల రిస్లే చెంతకే చేరును. కేంబ్రిడ్జి బిడ్డకు, కెనేబా బిడ్డకు భాష వేఱు, నిద్ర వేఱు, ఇంటిలోని సందడి వేఱు. శివగఢ్ పరిశీలన మాకు నచ్చుటకు కారణమిదియే: అచ్చట పోల్చినది ఒక ఊరిపిల్లను అదే ప్రాంతపు మఱియొక పిల్లతో. వ్యత్యాసము పుట్టుకలోనిది కాదు, తల్లి చదువులోనిది, ఇంటి సంపాదనలోనిది. అట్టిదానిని ప్రభుత్వములు సవరింపగలవు.

ఈ కాంతితో మనసులోని మాటను చదివెదమని, పిల్లల శ్రద్ధను పెంచెదమని నుదుటి పట్టీల నమ్ము వ్యాపారులను గూర్చి యొక్కమాట చాలును. యంత్రము చూచునది రక్తమును; ఆలోచనను కాదు.

మిత్రుని కుమార్తె తిరిగి పోవుటకు ముందు, నీ యంత్రము ఇచ్చట చేయరాదా యని యడిగితిమి. చేయవచ్చుననియే చెప్పినది. దీనికి ద్రవహీలియము అక్కఱలేదు. చిన్న కాంతిడయోడులు, సిలికాను గ్రాహకములు, వానిని చదువు ఎలక్ట్రానిక్ పలక, కుట్టిన టోపీ. మన యింజనీరింగు కళాశాలలలో సమకూర్పరానివి కావు. దిగుమతి యంత్రమునకు అనేక లక్షలు పోయుచు, దానిని మన జుట్టునకు తగినట్లు దిద్దుకొనుమని అమ్మినవాని నడుగుటకంటె, దువ్వెనపండ్లవంటి మొనలు గల గ్రాహకమును ఇచ్చటనే చేసికొనుట మేలు. ఆమె సిద్ధాంతవ్యాసమున మూడవ అధ్యాయము ఆ మొనలను గూర్చియే. గుండ్రని అంచు గల సన్నని కాంతినాళములు వెండ్రుకల నడుమ దూరి చర్మమును తాకవలెను, శిశువునకు గ్రుచ్చుకొనరాదు. మన తల్లులు బిడ్డ తలకు పట్టించు కొబ్బరినూనె ఆ మొనలకు అంటుకొనినచో ఏమగునో ఆమె ప్రయోగశాలలో ఎవరికిని తోచలేదట. మా యింటనుండి ఒక సీసా నూనె పుచ్చుకొనిపోయినది.

గతవారము జాబు వచ్చినది. క్రొత్త మొనలతో తన తలపైననే గుండె అల మొదటిమాఱు తెరపై కానవచ్చినదట. ఆచార్యుని తలపై కంటె ఇంకను కొంత మసకగ నున్నదట. నూనె సంగతి ఇంకను తేలలేదని వ్రాసినది.